ఎత్తండి పలకలు

ఆన్‌లైన్ క్లాసులో నేను ముందు చూసేది స్క్రీన్ మీద ఎన్ని పేర్లున్నాయని కాదు. పేర్లెప్పుడూ ఉంటాయి. లింకు నొక్కి, ఫోను గూట్లో పెట్టి, అబ్బాయి మిరప చేనుకు పోయినా పేరు అక్కడే ఉంటుంది. కెమెరా పెట్టమంటే పెడతారు, రేకుల కప్పు కనిపిస్తుంది. చాట్‌లో 'ప్రెజెంట్ మేడం'లు వరసగా వచ్చి పడతాయి. అందులో తమ్ముళ్లు కొట్టినవెన్నో, చెల్లెళ్లు కొట్టినవెన్నో ఆ దేవుడికే తెలియాలి. అటెండెన్స్ స్క్రీన్‌షాట్లు పైవాళ్లకు కావాలి కాబట్టి తీసి పంపిస్తాను. నాకు కావలసింది వేరు. ఇప్పుడు నేనడిగిన ప్రశ్నకు ఆ పేరు వెనకున్న పిల్లో పిల్లవాడో తన తలతో జవాబు వెతికారా లేదా? అది కనుక్కోవడమే ఈ ఉద్యోగంలో నేను చేసే అసలు పని.

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మార్కాపురం, తర్లుపాడు, కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు, దోర్నాల చుట్టుపక్కల పల్లెల పిల్లలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాలేజీలు మూతపడగానే మా చదువులు ఫోన్లోకి వెళ్లాయి. పదో తరగతి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం' పాఠాలు వచ్చేవి. పదో తరగతి పరీక్షలు ఆ ఏడు రద్దయ్యాయి. డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్లకు మాత్రం ఆ అదృష్టం లేదు. ఆఖరి సెమిస్టర్ పరీక్షలు పెట్టి తీరాలని యూజీసీ చెప్పింది, ఆగస్టు 28న సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. చదువు ఎలా సాగినా పరీక్ష తప్పదన్నమాట. అప్పుడు మొదలైన ఆన్‌లైన్ బోధన కాలేజీలు తెరిచాక కూడా పోలేదు. సగం కోర్సులు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు ఇప్పటికీ అందులోనే నడుస్తున్నాయి.

ఫోను ఇంటికొకటి. అది నాన్నతో పాటు రాళ్ల గనికో, అన్నతో పాటు ట్రాక్టర్ మీదో పోతుంది. చీకటి పడ్డాక గానీ ఇంటికి రాదు. ఆడపిల్ల చేతికి రావాలంటే అన్నం తిన్నాక, అందరి రీల్సూ అయిపోయాక. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబంతో పోయిన పిల్లలుంటారు. నల్లమల అంచున దిగువమెట్ట వైపు సిగ్నల్ చెట్టు చెట్టుకూ మారుతుంది. కాబట్టి పొద్దున్నే పది గంటలకు జూమ్‌లో అందరూ కూర్చుంటారని టైం టేబుల్ వేస్తే అది గోడకు అంటించుకోవడానికి బాగుంటుంది. ప్రత్యక్ష క్లాసు వారానికి ఒకటో రెండో, అదీ రాత్రి ఎనిమిది తర్వాత. మిగతాదంతా వాయిస్ మెసేజ్‌లే. మూడు నిమిషాల గొంతు ఒక ఎంబీ కూడా ఉండదు. నాలుగు వాయిస్‌లు, చేత్తో గీసిన రెండు బొమ్మల ఫొటోలు పెడితే పాఠం అయిపోతుంది. వాళ్లకు ఫోను దొరికినప్పుడు వింటారు, అర్థం కాకపోతే మళ్లీ వింటారు.

ఆ రాత్రి క్లాసులో నేను వాడే పద్ధతి కొత్తదేం కాదు. మార్కాపురం పలకల ఊరు. ఎన్నెన్నో రాష్ట్రాల పిల్లలు ఓనమాలు దిద్దిన రాతి పలకలు ఈ గనుల్లో తవ్వి, ఈ ఫ్యాక్టరీల్లో కోసి, చెక్క బద్దలు బిగించి పంపినవే. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ గిరాకీ పడిపోయింది. ఇప్పుడా రాయి ఎక్కువగా గోడలకు, నేలకు అతికించే డిజైను రాయిగా వెళుతోంది. పలకలున్న రోజుల్లో బళ్లో నోటి లెక్కలప్పుడు ఒక ఆట ఉండేది. అయ్యవారు లెక్క చెప్పేవారు. పక్కవాడికి కనపడకుండా పలకను ఛాతీకి ఆనించుకుని జవాబు రాసుకోవాలి. ఆయన 'ఎత్తండి పలకలు' అనగానే అందరివీ ఒక్కసారి లేవాలి. ఎంతమందికి వచ్చింది, ఎంతమంది ఒకే తప్పు చేశారు, ఎవరు పక్కవాడి పలక ఎత్తేదాకా ఆగారు, అన్నీ ఒక్క చూపులో తెలిసిపోయేవి. మార్కులు లేవు. తడిగుడ్డతో తుడిచేస్తే తప్పు కూడా పోయేది.

చాట్‌లో నేను చేసేదీ అదే. ప్రశ్న అడుగుతాను. రెండు నిమిషాలు. జవాబు టైపు చేసుకోవాలి, పంపకూడదు. నేను 'ఎత్తండి' అన్నాక అందరూ ఒకేసారి బాణం గుర్తు నొక్కాలి. ముందే పంపినవాళ్ల జవాబు డిలీట్ చేస్తాను. పది పదిహేను సెకన్లలో యాభై జవాబులు వచ్చి పడతాయి. ఆ తర్వాత ఒకటీ అరా వస్తే అది సిగ్నల్ సంగతో, పైన చూసి రాసిన సంగతో కొన్నాళ్లకు మనిషిని బట్టి తెలిసిపోతుంది. దీనికి మార్కుల్లేవు కనక చూసి రాసేవాళ్లు కూడా త్వరలోనే మానేస్తారు.

ఇందులో కష్టమంతా ప్రశ్న ఎంచుకోవడంలోనే ఉంది. నిర్వచనం అడిగితే గూగుల్ చెబుతుంది. లెక్క ఇస్తే కాలిక్యులేటర్ చేస్తుంది. తెలివైన పిల్లలు కూడా రెండు పార్టీలుగా విడిపోయే ప్రశ్న కావాలి. ద్రవాల పాఠంలో నాకు బాగా పనికొచ్చేది కంభం చెరువు. నల్లమల కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా, 57 అడుగుల ఎత్తున శతాబ్దాల కిందట కట్టిన కట్ట. ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా దానికి గుర్తింపు వచ్చిందీ ఆ 2020లోనే. ప్రశ్న ఇది: 'కట్ట దగ్గర నీళ్ల లోతు యాభై అడుగులు అనుకోండి. మీ చేలో దిగుడు బావిలో కూడా యాభై అడుగుల నీళ్లే ఉన్నాయి. అడుగున పీడనం ఎక్కడ ఎక్కువ? చెరువా, బావా, సమానమా? ఎందుకో ఒక్క వాక్యం.'

పలకలు ఎత్తితే సగానికి పైగా 'చెరువు' అనే ఉంటుంది. సమానం అని పుస్తకంలో చదివినవాళ్లు కూడా 'చెరువు' అనే రాస్తారు. కంభం పిల్లలైతే మరీ. వర్షాకాలంలో ఆ కట్ట మీద నిలబడి చూసినవాడికి, అంత నీరూ ఒక బావిలో నీరూ సమానమంటే ఎట్లా మింగుడుపడుతుంది? అప్పుడు నేను జవాబు చెప్పను. ఇద్దరిద్దరికి జత కడతాను, ఒకరు చెరువు పార్టీ, ఒకరు సమానం పార్టీ. ఐదు నిమిషాలు ఫోన్లో వాదించుకోమంటాను. మళ్లీ పలకలు. ఈసారి 'సమానం'కు చాలామంది మారతారు. అటు నుంచి ఇటు వచ్చినవాణ్ణి పట్టుకుని, నీ మనసు మార్చిన మాటేమిటని అడుగుతాను. ఆ రోజు పాఠం అదే.

అమెరికాలో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991 నుంచి ఇదే పద్ధతి నడిపి, పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నారు. ముందు ఎవరికి వారు ఓటు, తర్వాత పక్కవాడితో చర్చ, మళ్లీ ఓటు. ఆయన క్లాసులో చేతికి క్లిక్కర్లు వచ్చాయి. మా అయ్యవార్లకు పలకలే చాలాయి. చర్చ భాగం మాత్రం మా బళ్లలో ఉండేది కాదు. పక్కవాడితో మాట్లాడితే బెత్తమే. అది ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

ఆ చెరువు ప్రశ్నకు ఒకసారి ఒక అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది. 'సమానమైతే మేడం, బావికి ఒక వరస రాయి సరిపోతా ఉంటే చెరువుకి అంత లావు కట్ట ఎందుకు?' ఎంతమంది పరీక్షలు రాసినా, ఎన్ని క్విజ్‌లు పెట్టినా ఆ ప్రశ్న బయటికి రాదు. బావి గోడ వెనక భూమంతా ఆనుకుని ఉంది. కట్ట వెనక ఏమీ లేదు, గాలి తప్ప. పీడనం సమానమే అయినా కట్ట పొడవునా కలిపి పడే తోపుడు మొత్తం కట్ట ఒక్కతే మోయాలి. దాని మీద మరో క్లాసు నడిచింది. సిలబస్‌లో రెండు రోజులు వెనకబడ్డాం, ఏం ఫరవాలేదు.

మార్కుల పరీక్షల సంగతి వేరు. గూగుల్ ఫామ్‌లో ఇరవై ప్రశ్నలు పెట్టి లింకు ఇవ్వడం అన్ని చోట్లా నడిచింది. ఫలితాలు కన్నుల పండువగా ఉంటాయి. ఇరవైకి ఇరవై, ఇరవైకి పంతొమ్మిది. టైం కాలమ్ చూస్తే కథ తెలుస్తుంది. మొదటివాడికి ఇరవై రెండు నిమిషాలు పడితే, ఆ తర్వాత నలభై మంది రెండేసి నిమిషాల్లో రాశారు. పంతొమ్మిది వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఒకటే తప్పు. చేత్తో రాసి ఫొటో పెట్టమంటే ఇంకో తమాషా. ఒక బ్యాచ్‌లో ఐదుగురు పంపిన పేజీల మూల గోరింటాకు పెట్టిన ఒకటే బొటనవేలు కనిపించింది. రాసింది ఐదుగురా, ఫొటో తీసింది ఒక్కతేనా, లేక రాసిందీ ఆ వేలేనా? ప్రశ్నలు కలగాపులగం చేసి, టైమర్ పెట్టి, కెమెరా నిఘా పెట్టి దీన్ని ఆపొచ్చంటారు. నిఘాకు మంచి ఫోను కావాలి, ఆగని డేటా కావాలి, తలుపు వేసుకునే గది కావాలి. ఆ మూడూ ఉన్నవాళ్లు మా క్లాసులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా దొంగతనం పట్టుకునే తెలివికి పెట్టే శ్రమలో సగం ప్రశ్న మీద పెడితే దొంగిలించడానికి ఏమీ ఉండదని నా నమ్మకం.

శక్తి, సామర్థ్యం పాఠానికి నేనిచ్చే అసైన్‌మెంట్ ఇట్లా ఉంటుంది. మీ చేలో బోరు మోటారు ఎన్ని హెచ్‌పీ? ఎన్ని అడుగులకు దించారు? డెలివరీ పైపు కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టండి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్ స్టాప్‌వాచ్‌లో చూడండి, మూడుసార్లు చేసి సగటు తీయండి. ఆ నీటిని అంత లోతు నుంచి పైకి తేవడానికి సెకనుకు ఎంత పని జరుగుతోంది? మోటారు ఇచ్చే సామర్థ్యంలో అది ఎన్నో వంతు? బోరు లేని ఇల్లయితే బావిలో బిందె చేదే అమ్మ సామర్థ్యం లెక్కగట్టాలి. అమ్మకు హెచ్‌పీ ఎంతో రాయాలి. అది రాసిన పిల్లలు చాలామంది ఆ అంకె అమ్మకు చూపించామని చెప్పారు.

గడువు పెట్టేటప్పుడు త్రీఫేజ్ కరెంటు ఏ ఊరికి ఏ వేళకు వస్తుందో అడిగి పెట్టాలి. కరెంటు లేనప్పుడు బకెట్ నిండదు గదా. ఇలాంటివి ఏ ఆన్‌లైన్ బోధన శిక్షణలోనూ చెప్పరు.

ఇందులో ఇద్దరి జవాబు ఒకటి కావడం కుదరదు. పక్కింటివాడి బకెట్ ఒకటే కావొచ్చు, బోరు ఒకటి కాదు. కాపీ కొట్టాలన్నా ముందు పక్కవాడి చేలోకి పోయి నిలబడాలి. అదీ మంచిదే. ఒక అబ్బాయి పంపిన కాగితం నాకు ఇప్పటికీ గుర్తు. ఐదు హెచ్‌పీ మోటారు, అంటే 3,730 వాట్లు. ఆరు వందల అడుగులు, అంటే 183 మీటర్లు. బకెట్ తొమ్మిది సెకన్లు, అంటే సెకనుకు 2.2 కిలోల నీరు. లెక్క ఎక్కడా తప్పలేదు. దాదాపు నాలుగు వేల వాట్లు వచ్చింది. ఎఫిషియెన్సీ 107 శాతం. కింద రెండు గీతలు గీసి మరీ రాశాడు. క్విజ్‌లో అయితే ఇది సున్నా. నాకు మాత్రం క్లాసు మొత్తంలో అన్నిటికన్నా విలువైన కాగితం.

ఫోన్ చేశాను. అసైన్‌మెంట్ వచ్చాక ప్రతి పిల్లకూ పిల్లవాడికీ నాలుగు నిమిషాలు ఫోన్ చేయడం నా పద్ధతి. సగం మార్కులు ఆ మాటలకే.

'నూటికి నూరు దాటిందేంది అబ్బాయ్? మీ మోటారు సొంతంగా కరెంటు తయారు చేస్తందా?'

'అదే మేడం, నేనూ అనుకున్నా. లెక్క నాలుగు మాట్లు చేశా, అంతే వస్తాంది. బకెట్ సరిగ్గా నిండిందా అని మళ్లా పోయి జూసొచ్చినా.'

'లెక్క సరే. నీళ్లు ఎక్కడి నుంచి పైకొస్తున్నాయి?'

'ఆరొందల అడుగుల నుంచి.'

'మోటారు ఉన్నది ఆరొందల దగ్గర. నీళ్లు ఉన్నది ఎక్కడ?'

కాసేపు మాట లేదు. పక్కనే ఉన్న తండ్రి ఫోను తీసుకున్నారు. 'నీళ్లు మూడొందల కాడే ఉండయ్ మేడం. ఎండాకాలం దిగిపోతయని మోటారు కిందికి దించినాం.'

అంతే. మోటారు ఎక్కడ ఉందన్నది లెక్కలోకి రాదు. బోరులో నీటి మట్టం నుంచి పైకి ఎంత ఎత్తో అదే లెక్క. మట్టం దాకా నీళ్లను నీళ్లే మోస్తాయి. ఎత్తు సగమైంది, ఎఫిషియెన్సీ కూడా సగమై 53కు వచ్చింది. పైపుల్లో రాపిడీ అదీ కలిస్తే అది నమ్మదగిన అంకె. ఆ సాయంత్రం అబ్బాయి గ్రూపులో వాయిస్ పెట్టాడు, నేను చెప్పమనలేదు: 'మోటారు దించిన లోతు వేసినోళ్లు మళ్లా చేసుకోండి, నీళ్ల మట్టం ఇంట్లో అడగండి.' ఆ వాయిస్ తర్వాత పదిహేను మంది దాకా తమ కాగితాలు వెనక్కు అడిగారు. ఇచ్చాను. గడువు దాటాక దిద్దుకుంటే మార్కులు తగ్గించాలన్న రూలు ఈ కోర్సులో లేదు.

ఫోన్లో వివా అంటే టైం ఎక్కడుందని తోటివాళ్లు అడుగుతారు. అరవై మంది క్లాసుకు నాలుగేసి నిమిషాలంటే నాలుగు గంటలు. అరవై పేపర్లు దిద్దడానికీ దాదాపు అంతే పడుతుంది, పైగా ఆ పేపర్లలో సగం ఒకే చేతివి. ఇందులో మరో లాభముంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం ఒకప్పుడు కర్నూలు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు కలిశాయి, ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. మా పిల్లల మాటలో ఆ కర్నూలు ఇంకా ఉంది. కాగితం మీద గైడు ఇంగ్లీషులో 'ది వర్క్ డన్ బై ద పంప్' అని రాసిన పిల్ల, ఫోన్లో 'నీళ్లు యాడ్నుంచి లేస్తాయో ఆడ్నించే కొలవాల' అందంటే ఇక అనుమానం లేదు, అది సొంత తెలివే. సొంత మాటలో చెప్పలేనిది ఇంకా బుర్రలోకి ఎక్కనట్టే లెక్క వేస్తాను.

ఆడపిల్లలకు ఫోన్ చేసేటప్పుడు అమ్మ ఫోనుకే చేస్తాను. అమ్మ పక్కనే నిలబడి వింటుంది. మొదటిసారి భయం, రెండోసారి కుతూహలం. మూడోసారికి, 'దానికి సరిగా చెప్పడం రాలేదు మేడం, ఇంటికాడ బాగా చెప్పింది' అని కూతురి తరపున వకాల్తా. పెళ్లి సంబంధం వచ్చిందని చదువు మానిపించబోయే ఇంట్లో ఇలాంటి ఫోన్లు కొంత అడ్డం పడతాయి. ఎంత అన్నది నేను చెప్పలేను, పడతాయి.

యర్రగొండపాలెం మండలంలో పాలుట్ల లాంటి చెంచు గూడేలు అడవి లోపల ఉన్నాయి. అటువైపు పిల్లలకు వారం మొత్తానికి సిగ్నల్ అంటే బజారుకు దిగిన రోజే. వాళ్ల గడువు క్యాలెండర్ తేదీని బట్టి ఉండదు, వాళ్లు దిగే రోజును బట్టి ఉంటుంది. ఆ రోజు వచ్చి పాఠాల వాయిస్‌లు దించుకుంటారు, పోయిన వారం కాగితాల ఫొటోలు ఎక్కిస్తారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు పాఠాలు మెమరీ కార్డులోనే వేసి ఇచ్చారు. నెట్ లేకుండా నడవాలని. ఆ ట్యాబుల మీద చాలా రాజకీయం జరిగింది, దాని జోలికి పోను. కార్డులో వేసివ్వడమన్న ఆలోచన మాత్రం మా అడవి పల్లెలకు సరైనది. మేమూ సెమిస్టర్ మొదట్లో ఫోన్ల మెమరీ కార్డుల్లో పాఠాలు వేసి పంపుతాం. వినడానికి నెట్ అక్కర్లేదు. నెట్ కావలసింది వాళ్లు నాతో మాట్లాడటానికి. ఉన్న కాస్త సిగ్నల్ దానికే దాచాలి. పాఠానికి తగలెయ్యకూడదు.

ఫోన్‌నే ప్రయోగశాల చేసే 'ఫైఫాక్స్' అనే ఉచిత యాప్ ఒకటి జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీవాళ్లు తయారు చేశారు. ఫోన్ లోపలి సెన్సర్లతో త్వరణం, ధ్వని, అయస్కాంత క్షేత్రం కొలుస్తుంది. ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. పలక ముక్కకు దారం కట్టి లోలకం చేసి 'జీ' విలువ కనుక్కునే పని ఇప్పుడు ఇంటి దూలం కిందే జరుగుతోంది. దారం పొడవు నాలుగు జానలని చెబుతాను. ఎవరి జాన వాళ్లది, ఎవరి రీడింగ్ వాళ్లది.

ఈ మధ్య మా పిల్లలు ఎన్‌పీటెల్, స్వయం కోర్సులకు కూడా చేరుతున్నారు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టింది ఎన్‌పీటెల్. స్వయం 2017 జులైలో వచ్చింది. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో నలభై శాతం దాకా స్వయం ద్వారా చదువుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. ఎన్‌పీటెల్‌లో వీడియోలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటర్‌కు పోయి కూర్చుని రాసే పరీక్షకు 75. రెండింటిలోనూ కనీస మార్కులు రావాలి. ఆ 25, 75 పంపకం పెట్టినవాళ్లు మనుషుల్ని ఎరిగినవాళ్లు. ఇంట్లో కూర్చుని చేసేదానికి పావు వంతే ఇచ్చారు.

కష్టం ఎక్కడంటే, గిద్దలూరు నుంచి ఒంగోలు రమారమి 140 కిలోమీటర్లు. సెంటర్ అక్కడ పడితే పొద్దున పరీక్షకు తెల్లవారుజామున బయల్దేరాలి, ఆడపిల్లయితే తోడు రావాలి. ఫీజు కన్నా ఆ ప్రయాణమే ఎక్కువ. చేరినవాళ్లలో చాలామంది మూడో వారానికే జారిపోతారు. ఇది మన పిల్లల జాతకం మాత్రమే కాదు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ కోర్సును ఉచితంగా ఆన్‌లైన్లో పెడితే లక్షా అరవై వేల మంది చేరారు. చివరిదాకా వచ్చింది ఇరవై మూడు వేల మంది. ఏడుగురిలో ఒకరు. చేరినవాళ్లకు కోరిక ఉండే ఉంటుంది. అడిగేవాళ్లు లేరు.

అడిగేవాళ్లు ఉండాలన్న సంగతి మన ఉమ్మడి రాష్ట్రంలో నలభై ఏళ్ల కిందటే తెలుసు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పెట్టినప్పుడు, ప్రొఫెసర్ జి. రాంరెడ్డి దాని మొదటి వైస్ చాన్సలర్. పుస్తకాలు పంపి ఊరుకోలేదు, ఊరూరా స్టడీ సెంటర్లు పెట్టారు. ఉద్యోగాలు చేసుకుంటూ, పొలం పనులు చేసుకుంటూ చదివేవాళ్లు ఆదివారం అక్కడికి వచ్చి ఒక మనిషి ముందు కూర్చునేవాళ్లు. తర్వాత దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. దూరవిద్యకు వయసు పెరిగి ఆన్‌లైన్ అయింది, ఆ ఆదివారం మనిషి మాత్రం మధ్యలో ఎక్కడో తప్పిపోయాడు. ఎన్‌పీటెల్ కోర్సులో మా పిల్లలకు నేను చేసేది ఆ ఆదివారం పనే. అసైన్‌మెంట్ గడువుకు ముందు రాత్రి ఒక అరగంట గ్రూపు కాల్. జవాబులు చెప్పను. 'మూడో ప్రశ్నలో ఏది తెలిస్తే దారి దొరుకుతుంది?' అని మాత్రం అడుగుతాను. జారిపోబోయేవాళ్లు ఆ కాల్‌కు రాకపోవడంతో ముందే తెలుస్తారు. మర్నాడు వాళ్లకు ఫోన్.

2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చాక మా పిల్లల ఇంగ్లీషు రాత్రికి రాత్రి బాగుపడింది. కామాలు, ఫుల్‌స్టాపులు వచ్చి చేరాయి. ఒక కాగితంలో 'సాధారణంగా బోరుబావి లోతు వంద మీటర్లు ఉండవచ్చు' అని చూశాను. వాళ్ల బోరు ఆరొందల అడుగులని ఆ పిల్లకు తెలుసు, ఆ యంత్రానికి తెలియదు. వాడొద్దని నేను అనను. వాడితే దానితో జరిగిన మాటల స్క్రీన్‌షాట్ కూడా పెట్టమంటాను. అది చెప్పినదాంట్లో మీ చేనుకు పొసగనిది ఏమిటో రాయమంటాను. ఆ భాగానికి మూడు మార్కులు. తప్పు పట్టడానికి మా పిల్లలు చూపించే ఉత్సాహం చూడాలి. తోటి పిల్లవాడి కాగితం దిద్దమంటే 'మావోడు మేడం, తప్పేముంది' అనేవాళ్లే, యంత్రం కాగితం దిద్దమంటే కనికరం లేకుండా దిద్దుతారు.

ఈసారి ద్రవాల చలనానికి వెలిగొండ సొరంగాలు తీసుకున్నాను. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని నల్లమల కింద నుంచి మా వైపు తేవడానికి తవ్విన రెండు సొరంగాలు, ఒక్కొక్కటీ 18 కిలోమీటర్ల పైనే. పిల్లల తాతల కాలం నుంచి ప్రతి ఎన్నికలోనూ వినిపించిన పేరు అది. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. మొదటిది 3 వేల క్యూసెక్కులకు, రెండోది 8,500 క్యూసెక్కులకు. పలకల ప్రశ్న: 'వ్యాసాలు మాత్రమే తెలుసనుకోండి, రెండోది మొదటిదానికి ఎన్ని రెట్ల నీరు తేవాలి?' అడ్డుకోత వైశాల్యం లెక్కగట్టి చాలామంది 1.7 అని ఎత్తారు. తర్వాత అసలు అంకెలు చూపించాను. 2.8 రెట్లు.

గ్రూపు భగ్గుమంది. ఇంజినీర్లు తప్పు చేశారన్నవాళ్లు కొందరు, కాంట్రాక్టర్ల గొడవలోకి పోయినవాళ్లు కొందరు. వాళ్లను వెనక్కి లాగాల్సి వచ్చింది. దోర్నాల వైపు అబ్బాయి ఒకడు అర్ధరాత్రి దాటాక వాయిస్ పెట్టాడు. 'మేడం, సన్న పైపులో నీళ్లు గోడకు రాసుకుంటా పోతాయి, లావు పైపులో మధ్యలో నీళ్లకు గోడ తగలదు గదా. అందుకని లావుదాంట్లో నీళ్లు ఎక్కువ ఉండడమే గాదు, జోరుగా గూడా పోతాయేమో.' సరిగ్గా అదే. వాలు, లోపలి గోడ నునుపు ఒకటే అయితే, వ్యాసం పెరిగేకొద్దీ ప్రవాహం వైశాల్యం కన్నా వేగంగా పెరుగుతుంది. ఆ సూత్రం ఇచ్చి చేయమంటే 2.07 వచ్చింది. 1.7 నుంచి 2.07 దాకా గోడ రాపిడి లెక్క తేలింది.

2.07 నుంచి 2.8 దాకా ఇంకా ఉంది. రెండు సొరంగాల వాలులో తేడా ఎంత ఉంటే ఆ మిగిలింది సరిపోతుందో లెక్కగట్టమని ఇచ్చాను. గడువు సోమవారం రాత్రి పది. అడవి పల్లెల వాళ్లకు బజారు రోజు. యంత్రాన్ని అడిగినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టాలి. ఫోన్లు మంగళవారం నుంచి.